చెంతనున్న తండ్రి



పిల్లలకు చెప్పు జంతుకథలలో తల్లికి దొరికిన చోటు తండ్రికి దొరకలేదు. మన సాహిత్యమునే పరికించినచో, పులికి మాటయిచ్చి ఇంటికి వచ్చి, దూడకు కడుపార పాలిచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి, ఆడినమాట తప్పక మరల పులియెదుట నిలిచిన గోవుకథను అనంతామాత్యుడు భోజరాజీయమున రచింపగా తెలుగువారు తరతరములుగా కంటతడితో విన్నారు. ఆ దూడకు తండ్రి యెవరో, ఆ వేళ అతడెక్కడ నుండెనో ఎవరును అడుగలేదు. భారతమున ఆదిపర్వము తుదను, ఖాండవదహన సందర్భమున, మందపాలుడను మునికథ వచ్చును. సంతానము లేనివానికి పుణ్యలోకములు లేవని తెలిసికొని, శీఘ్రముగా సంతతి కలుగునది పక్షిజాతియని ఎంచి, శార్ఙ్గకపక్షియై, జరితయను ఆడుపక్షియందు నలువురు కొడుకులను కని, వారికి రెక్కలు రాకమునుపే వారిని తల్లికి విడిచి, లపితయను మరియొకతెతో వెడలిపోయి, అడవి అంటుకొనబోవుచున్నదని గ్రహించినప్పుడు దూరమునుండియే అగ్నిదేవుని స్తుతించి పిల్లలకు అభయము సంపాదించిన తండ్రి అతడు. పిల్లలు బ్రదికిరి. కాని మంటలు సమీపించునపుడు గూటిచెంత అలమటించినది తల్లి. అంతయు చల్లారిన పిదప తండ్రి వచ్చి పలుకరింపగా, ఆ కొడుకులు మంచిగాగాని చెడుగాగాని ఒక్కమాటయైనను పలుకలేదని వ్యాసభారతము చెప్పుచున్నది.

బిడ్డకు రక్షణ కల్పించుటకును, బిడ్డ చెంతనుండుటకును గల అంతరమును ఇంత సూక్ష్మముగా చూపిన జంతుకథ మరియొకటి యుండునా యని అనుకొనుచుండగా, ఈ నడుమ అమెరికా దేశమున వెలువడిన ఒక బాలల నవల నా దృష్టికి వచ్చినది. అందు తండ్రి ఒక గొరిల్లా. అతడు అడవిలో స్వేచ్ఛగా సంచరించువాడు కాడు. గోడల నడుమ, మానవుల పోషణలో, తన వాకిలి తాళపుచెవి పరుల చేతిలో నుండగా బ్రదుకువాడు. పిల్లలకు అభయమిప్పింపగల శక్తి మందపాలునికి ఉండెను, సన్నిధి లేకపోయెను. ఈ గొరిల్లాకు సన్నిధి యొక్కటియే కలదు, తక్కినదేదియు తన చేతిలో లేదు. అట్టివాడు తండ్రియగుట యెట్లు? ఈ ప్రసంగమున నేను విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ఆ నవల రచించినది కేథరిన్ ఆపిల్‌గేట్. ఆమె 2012లో ‘ది వన్ అండ్ ఓన్లీ ఐవాన్’ అను నవల ప్రకటించెను. మరుసటి యేడు దానికి, ఆ దేశమున బాలసాహిత్యమునకు ఇచ్చు అత్యున్నత పురస్కారమగు న్యూబెరీ పతకము లభించెను. దానికి కొనసాగింపుగా ఐవాన్ మిత్రుడైన కుక్కను గూర్చి ఒక నవలయు, ఏనుగుపిల్లను గూర్చి ఒక నవలయు వచ్చిన తరువాత, 2024లో నాలుగవదియు తుదిదియునైన ‘ది వన్ అండ్ ఓన్లీ ఫ్యామిలీ’ వెలువడెను. ఐవాన్ తండ్రియైన కథ ఈ కడపటి గ్రంథమున నున్నది.

ఐవాన్ కేవలము కల్పితపాత్ర కాడు. 1960 దశకపు తొలినాళ్లలో కాంగో అడవులలో పట్టుబడిన ఒక గొరిల్లా పసికూనను వాషింగ్టన్ రాష్ట్రమునందలి టకోమా నగరములో అంగళ్ల సముదాయము నడుపు వ్యాపారి తెప్పించెను. తోడుగా తెచ్చిన ఆడుపిల్ల అనతికాలముననే మరణించినది. మిగిలిన మగపిల్ల కొంతకాలము ఒక కుటుంబమువారి యింటిలో, వారి బిడ్డలలో నొక బిడ్డయై పెరిగెను. ఇంటిలో పట్టనంతటి వాడైన పిదప ఆ అంగళ్ల నడుమ ఒక సిమెంటుగదిలో బంధింపబడి, కొనుగోళ్లకు వచ్చిన జనులకు వినోదవస్తువై, తనజాతి ప్రాణిని మరియొకదానిని చూడక, కాలికి పచ్చగడ్డి తగులక, 27 సంవత్సరములు గడపెను. రంగులిచ్చినచో కాగితములపై బొమ్మలు వేయుచుండెను. 1991లో ‘ది అర్బన్ గొరిల్లా’ అను చలనచిత్రము అతని దుస్థితిని దేశమునకు చూపగా, ప్రజలలో కదలిక బలపడి, తుదకు 1994లో అతనిని అట్లాంటా నగరపు జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. అక్కడ మట్టిని, చెట్టును, తోటి గొరిల్లాలను ఎరిగి, 2012 ఆగస్టు 20వ తేదీన సుమారు 50 సంవత్సరముల ప్రాయమున మరణించెను. అతనికి సంతానము కలుగలేదు.

కావున కథలోని ఐవాన్ తండ్రియగుట జీవితము చేయనిదానిని రచయిత్రి చేయుటయే. కాని ఆమె ఆ కానుకను తొందరపడి ఇచ్చివేయలేదు. మొదటి నవలలో ఐవాన్ తన కథను తానే, పొదుపైన చిన్నచిన్న వాక్యములలో చెప్పుకొనును. మాటలాడుటకన్న ఊరకుండుట యెక్కువగా నేర్చినవాని మాటతీరు అది. అంగళ్లలో అతనికి తోడు స్టెల్లాయను ముసలి ఏనుగు, బాబ్ అను దిక్కులేని కుక్క. అక్కడికి అడవినుండి తెచ్చిన రూబీ యను ఏనుగుపిల్ల వచ్చును. స్టెల్లా మరణించుచు ఆ పిల్లను కాపాడుమని ఐవాన్ చేత మాట తీసికొనును. అంతవరకు తన చెరను చెరయని తలపక, జ్ఞాపకములను లోలోపల పూడ్చిపెట్టుకొనిన ఆ ప్రాణి, పరాయిజాతి పసికూన యొకటి తన్ను నమ్ముకొనగానే తన గతమును, తన బలమును, తన నిస్సహాయతను ఒక్కసారిగా గుర్తించును. కన్నబిడ్డలు పుట్టుటకు ముందే అతనికి పితృత్వ మట్లు ప్రారంభమైనది.

నాలుగవ నవలలో అతనికిని, అతని సహచరియగు కినియానికిని కవలలు పుట్టుదురు. గొరిల్లాలలో కవలలు అరుదు. మొదటి నవల చదివినవారికి ఇందలి అంతరార్థము వెంటనే తోచును: ఐవాన్ కూడ కవలలలో నొకడే, అడవినుండి తెచ్చునపుడు అతని చెల్లెలు దారిలో మరణించినది, తల్లిదండ్రులను వేటగాండ్రు చంపినారు. కనుక తన యెదుట ఇద్దరు పసివారు ఒకరినొకరు పట్టుకొని పొరలాడుటను చూచు తండ్రికి ఆనందమును, చిరకాలము మూసియుంచిన దుఃఖమును ఒక్కమారే కలుగక తప్పదు. బిడ్డలయెదుట తన బాల్యమును మరల తలచుకొనుట ఈ గ్రంథమునకు ప్రాణము. తండ్రిని పసితనముననే పోగొట్టుకొన్నవాడు తాను తండ్రియైనపుడు, అనుసరింపదగిన రూపమొకటి కన్నులయెదుట లేక, మసకబారిన జ్ఞాపకములను ఒక్కటొక్కటిగా ఏరుకొనుచు, నాన్నయనగా నెవరో తనకు తానే కూర్చుకొనవలసి వచ్చును.

ఇక గొరిల్లా తండ్రి నిజముగా ఏమి చేయునో చూతము. 1861లో డు షయ్యూ అను యాత్రికుడు వ్రాసిన ఆఫ్రికా యాత్రాగ్రంథము మొదలుకొని 1933నాటి ‘కింగ్ కాంగ్’ చలనచిత్రము వరకు, గుండెలు బాదుకొనుచు మీదపడు రాక్షసుడే గొరిల్లాయని లోకము నమ్మెను. నిజమునకు ఆకుతిని బ్రదుకు ఈ మృగము యొక్క మగది సుమారు 160 కిలోల బరువు తూగును. ప్రాయము వచ్చిన పిదప వీపుమీది రోమములు వెండిరంగు దాల్చును గనుక దానిని సిల్వర్‌బ్యాక్ అందురు. పుట్టిన పిల్ల బరువు సుమారు 2 కిలోలు, అనగా తండ్రి బరువులో ఎనుబదవ వంతు. తొలి నెలలలో పిల్ల తల్లి రొమ్మును విడువదు. మూడు నాలుగేండ్లు పాలు త్రాగుచుండును. తండ్రి పిల్లను ఎత్తుకొని తిరుగుట అరుదు. అతడు చేయునది కూర్చుండుట. మధ్యాహ్నపు విశ్రాంతివేళ అతడొకచోట కూలబడగా, నడకనేర్చిన పిల్లలు వచ్చి అతని వీపునెక్కి జారుచుందురు, చేయి పట్టి లాగుచుందురు, అతడు సహించును. ఒక్క విదలింపుతో ప్రాణము తీయగల బాహువును ఆ గంటసేపు కదలింపకుండ ఉంచుట అతని పెంపకము. తల్లి చనిపోయినపుడు, పాలు విడిచిన పిల్లలు రాత్రివేళ అతని పడకలోనే చేరి నిద్రించుట రువాండా పర్వతారణ్యములలో పరిశోధకులు పలుమారులు చూచినారు. ఆ పర్వతగొరిల్లాలనుగూర్చి 2018లో ప్రకటితమైన పరిశోధనలో, తమ బిడ్డలని గాని ఒరుల బిడ్డలని గాని చూడక పసివారితో ఎక్కువ కాలము గడపిన మగగొరిల్లాలకు, అట్లు గడపనివానికన్న ఐదురెట్లకు మించి సంతానము కలిగినట్లు తేలినది.

సన్నిధి యెంత విలువైనదో, అది లోపించినపుడు మరింత స్పష్టముగా తెలియును. డయాన్ ఫాసీ పరిశోధించిన గొరిల్లాలలో డిజిట్ అను మగది 1977 డిసెంబరు 31న తన గుంపు తప్పించుకొని పోవుటకు అదనుగా వేటగాండ్రకును, వారి కుక్కలకును ఎదురొడ్డి నిలిచి హతమైనది. దాని యేకైక సంతానము కొన్ని నెలల తరువాత పుట్టినది. ఆ యేడే గుంపు నాయకుడైన సిల్వర్‌బ్యాక్ సైతము వేటగాండ్రచేత మరణింపగా, అండలేని ఆ పసికూనను మరియొక మగగొరిల్లాయే చంపినది. అడవి ధర్మము కఠినమైనది. చెంత తండ్రి యుండుట అక్కడ బిడ్డకు ఆయుర్దాయము.

అడవినుండి పసితనముననే విడదీయబడిన గొరిల్లాకు ఈ విద్య యెవరు నేర్పవలెను? జంతుప్రదర్శనశాలల చరిత్రలో ఈ ప్రశ్న పెద్దదై నిలిచినది. మానవుల పోషణలో జన్మించిన మొదటి గొరిల్లా కోలో, 1956 డిసెంబరు 22న ఒహాయో రాష్ట్రమునందలి కొలంబస్‌లో పుట్టినది. కన్నతల్లి దానిని దగ్గరకు తీయక నేలపై విడువగా, ఒక సేవకుడు కనిపెట్టి ఊపిరిపోసి బ్రదికించెను; మనుష్యులే దానిని సాకిరి. 1959లో స్విట్జర్లాండునందలి బాజెల్‌లో పుట్టిన గోమాను ప్రదర్శనశాలాధిపతి తన యింటికి తీసికొనిపోయి పెంచెను. ఈ తల్లులు క్రూరురాండ్రు కారు. వారు మరియొక తల్లి బిడ్డను పెంచుటను చూచి యెరుగరు. ఈ లోపమును గ్రహించిన పిదప, పాలిచ్చు మానవమాతలను పిలిపించి గొరిల్లాల యెదుట కూర్చుండబెట్టి, బిడ్డను ఎట్లు పట్టుకొనవలెనో చూపించిన జంతుప్రదర్శనశాలలును కలవు.

గోమాకు తరువాత అదే తల్లికి 1961లో జాంబో పుట్టెను. మానవుల పోషణలో తల్లియే పెంచిన మొదటి గొరిల్లా పిల్ల అతడు. పెరిగి పెద్దవాడై జెర్సీ ద్వీపమునందలి జంతుప్రదర్శనశాలకు చేరి పలువురు బిడ్డలకు తండ్రియైన ఈ జాంబో ఆవరణలోనికి, 1986 ఆగస్టు 31న అయిదేండ్ల బాలుడొకడు గోడమీదనుండి జారిపడి స్మృతి తప్పెను. చూపరులందరును హాహాకారములు చేయుచుండగా, జాంబో ఆ బాలుని సమీపించి, తక్కిన గొరిల్లాలకును అతనికిని నడుమ నిలిచి, వీపు మెల్లగా నిమిరి, బాలుడు తెలివివచ్చి ఏడువనారంభింపగానే తనవారిని వెంటబెట్టుకొని లోపలికి మరలిపోయెను. ఈ దృశ్యమును ఎవరో చలనచిత్రముగా తీయగా లోకమంతయు చూచి, కింగ్ కాంగును గూర్చిన తన నమ్మకమును మార్చుకొనసాగినది. తల్లి ఒడిలో పెరుగుటవలననే జాంబో అట్లు ప్రవర్తించెనని నిశ్చయించి చెప్పజాలను గాని, ఎంచదగిన సంగతి యనుటకు సందేహింపను.

పసితనమున ఏమియు చూడనివానికి ఇక దారి లేదా? ఇందుకు సమాధానము అట్లాంటాలోనే, ఐవాన్ చేరిన ఆ ప్రదర్శనశాలలోనే ఉన్నది. అక్కడ విల్లీ బి. అను గొరిల్లా 1961లో చేరి, ఒక గదిలో, ఒక టైరు ఊయలయు ఒక టెలివిజనును తోడుగా, ఇంచుమించు ఐవాన్ వలెనే 27 సంవత్సరములు ఏకాకియై గడపెను. 1988లో అతనిని మొదటిసారి ఆరుబయటికి విడిచిరి; తోటి గొరిల్లాల సాంగత్యము కల్పించిరి. జీవితమున అధికభాగము తనవారినెరుగని ఆ మధ్యవయస్కుడు క్రమముగా గుంపులో మెలగనేర్చెను. 1994 ఫిబ్రవరిలో కుడ్జూ యను కూతురికి తండ్రియయ్యెను. 2000లో మరణించునాటికి అతనికి ఐదుగురు సంతానము. అతని సంస్మరణసభకు వేలకొలది నగరవాసులు వచ్చిరి. కుడ్జూ పుట్టిన సంవత్సరముననే ఐవాన్ అట్లాంటాలో అడుగుపెట్టెను. ఒకేవిధమైన చెరనుండి ఒకే ఆవరణకు చేరిన ఇద్దరిలో ఒకనికి జీవితమున లభించిన భాగ్యము, రెండవవానికి కథలో లభించినది. కావున ఆపిల్‌గేట్ చేసిన కల్పన అసంభవమైన కల్పన కాదు, పొరుగుననే జరిగినది.

అయినను చెరయందలి పితృత్వమునకు తనదైన వేదన యొకటి కలదు. అడవిలో కూతురు యుక్తవయస్సు రాగానే మరియొక గుంపునకు పోవును, కొడుకు పెరిగి ఒంటరిగా వెడలును. వియోగము అక్కడను తప్పదు. ప్రదర్శనశాలలో ఆ వియోగమును నిశ్చయించువారు వేరు. ఈ జాతి నశించు ప్రమాదము మిక్కుటముగా నున్నందున, ఏది యేదానితో జతకూడవలెనో, ఏ పిల్ల ఏ నగరమునకు పోవలెనో వంశావళులు చూచి నిపుణులు నిర్ణయింతురు. అందు సదుద్దేశమున్నది, అవసరమును ఉన్నది. కాని తండ్రి ఇచ్చు అభయమునకు అక్కడ విలువయేమి? గోడ శత్రువును లోనికి రానీయదు, బిడ్డను వెలుపలికి పోనీయదు. ఆ రెండును తండ్రి చేయుపనులే అయినను, గోడ అతనిది కాదు. ఇట్టి తండ్రికి మిగిలిన పని ఆ దినమున ఆ బిడ్డల చెంత నుండుట, వారు వీపునెక్కినపుడు కదలకుండుట. అది అల్పమని తోచవచ్చును. అడవిలోని గొరిల్లా తండ్రి చేయు పెంపకములో సింహభాగము అదియే యని ఇంతకుముందే చూచితిమి గనుక, బందీయైన తండ్రి చేతిలో మిగిలినది పితృత్వపు తునుక యనుటకన్న దాని సారమనుట న్యాయము.

గొరిల్లా ఈ విధముగా ఆలోచించునా యని శాస్త్రజ్ఞులు అడుగవచ్చును. నీతిచంద్రికలో చిన్నయసూరి నడపిన పింగళకుడు సింహపుతోలు కప్పుకొన్న రాజు, దమనకుడు నక్కతోలు కప్పుకొన్న మంత్రి. వారి మాటలు మన రాజనీతికి చెందినవి, మృగధర్మముతో వానికి పని లేదు. ఐవాన్ భయములు అట్లు కావు. గుంపు చెదరునేమో యనుట, బిడ్డ పోవునేమో యనుట, తన బలమే బిడ్డకు గాయము చేయునేమో యనుట — ఇవి గొరిల్లా బ్రదుకునుండి పుట్టిన భయములు. మాటలు రచయిత్రివి, ఆ మాటల క్రింది పరిస్థితులు ఆ ప్రాణివి. నేటి బాలసాహిత్యమున జంతుకథ పొందిన పరిణామము నాకు ఇందు కానవచ్చుచున్నది.

పిల్లలకు తండ్రి మనస్సును గూర్చి చెప్పనేల యను ప్రశ్నయు కలదు. పసివాని కంటికి తండ్రి మిక్కిలి పెద్దవాడు. అతని మౌనము కోపముగాను, అతని ఆలోచన నిర్లక్ష్యముగాను తోచుట సహజము. తన్ను మొదటిసారి ఎత్తుకొన్ననాడు ఆ పెద్ద చేతులు వణకియుండునని పసివాడు ఊహింపలేడు. ఐవాన్ తన కథను తన నోటనే చెప్పుటవలన, పిల్లవాడు చదువుచున్నంతసేపు ఆ పెద్ద శరీరము లోపల కూర్చుండి లోకమును చూచును. అంత బలవంతునికిని దిగులుండునని, ఆ దిగులునకు హేతువు తనవంటి ఒక చిన్నవాడేయని తెలిసికొనును. ఎదిగిన పిదప ఎన్నడో, తానును తండ్రియైన నాడు గాని కలుగని జ్ఞానము, ఎనిమిదవయేట కొంతయైనను కలుగుట మేలే.

అయితే కథ ఋణము తీర్చినదని తృప్తిపడుట తగదు. కవలలను కన్నది కాగితముమీది ఐవాన్. సిమెంటుగదిలో ఒంటరిగా గడపినది ప్రాణమున్న ఐవాన్. మనకు సమీపముననే, మైసూరు జంతుప్రదర్శనశాలలో, పోలో అను మగగొరిల్లా 2014లో మరణించువరకు భారతదేశమంతటికి ఏకైక గొరిల్లాయై ఏండ్లతరబడి ఒంటరిగా బ్రదికెను. 2021లో జర్మనీనుండి అక్కడికి గొరిల్లాలను తెచ్చినపుడు ఇద్దరు అన్నదమ్ములను కలిపి తెచ్చిరి. సాంగత్యము కూడ ఆహారముతో సమానమైన అవసరమని లోకము మెల్లమెల్లగా నేర్చుకొనుచున్న దనుటకు ఇది నిదర్శనము. మన పిల్లలు ఆ ఆవరణ యెదుట నిలిచి, అది ఏమి తినును, ఎంత బరువుండును అని అడుగుటతో ఆగక, దీనికి తోడెవరు అనియు అడిగినచో, ఇట్టి గ్రంథములు సార్థకములైనట్లే.

ఇంకొక మాట మనవి చేసి విరమింతును. ఈ కథలను పిల్లలకు చదివి వినిపించు పనిని ఇంటనుండు తండ్రులు స్వీకరింతురుగాక. ఆంగ్లము రాని పిల్లలకు తెలుగున చెప్పవచ్చును. చెప్పుటలో తడబాటున్నను దోషము లేదు. వింటున్న పిల్ల వీపునెక్కినను, పుటలు లాగినను, మధ్యలో వేయి ప్రశ్నలు వేసినను విసుగుకొనక అచ్చటనే కూర్చుండవలెను. ఐవాన్ చేసినపని అంతే.